పాత సామాను కాదు

నెదర్లాండ్స్ తన ఫ్రిగేట్లను (ఒక రకం యుద్ధనౌకలు) అమ్మడమంటే పాత సామాను వదిలించుకోవడమే అన్నారు ఒక వ్యాసంలో. నేను ఒప్పుకోను. కారెల్ డోర్మన్ తరగతి ఓడలు ఎనిమిదీ 1991-95 మధ్య నౌకాదళంలో చేరినవే. చిలీ, బెల్జియం, పోర్చుగల్‌లకు తలా రెండు వెళ్లేసరికి వాటి వయసు పదిహేనేళ్లకు అటూ ఇటూ. రక్షణ ఖర్చు తగ్గించుకోవడానికి అమ్ముకున్నారు, అంతే. మన వైజాగ్ నుంచి 2023 జూన్‌లో వియత్నాంకు బయల్దేరిన కిర్పాన్ యుద్ధనౌక (అది ఫ్రిగేట్ కన్నా చిన్నదైన కార్వెట్ లెండి) కూడా 1991దే. కానీ దాన్ని 32 ఏళ్లు వాడుకుని, ఆయుధాలతో సహా ఉచితంగా ఇచ్చాం. షిప్‌యార్డులో పనిచేసిన మా బావ ఎప్పుడూ అనేవాడు, ఓడ దొరకడం తేలికే, ఆ తర్వాత స్పేర్ పార్టుల కోసం తిరగడమే టెన్షన్ అని. బెల్జియంకు ఆ బెడద తక్కువ. నెదర్లాండ్స్, బెల్జియం రెండింటి ఫ్రిగేట్ల మరమ్మతులు డచ్చివాళ్లే చూస్తారు, మైన్లు (సముద్రంలో పెట్టే మందుపాతరలు) ఏరే ఓడల సంగతి బెల్జియం చూస్తుంది.