హద్దురాయి ముందు పడాలి

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్ శివార్లలోని గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగింది. బెంగళూరు జాతీయ రహదారి కోతకు గురైంది. మనుషులు వరదలో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. నీళ్లు నిలవాల్సిన చోట లేచిన షెడ్లను, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది 2024 ఆగస్టు 31న. అంటే, ప్రాణాలు పోయాక కూడా దాదాపు నాలుగేళ్లు ఆ షెడ్లు అక్కడే ఉన్నాయి. ఆ నాలుగేళ్లూ చట్టం ఉంది, అమలు చేయాల్సిన ఆఫీసులూ ఉన్నాయి. చెరువుల గురించి మన ప్రభుత్వాలు ఎంత మాట్లాడినా, మా లెక్కలో అసలు ప్రశ్న ఈ ఆలస్యానిదే.

ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్ అనే మాట ఇప్పుడు చాయ్ బండి దగ్గర కూడా వినిపిస్తోంది. అలుగు పారే సమయానికి చెరువులో నీరు ఎంత మేర పరుచుకుంటుందో అంత మేరా ఎఫ్‌టీఎల్. దాని చుట్టూ వదలాల్సిన జాగా బఫర్. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168, ఈ దూరాలను స్పష్టంగా చెప్పాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకో నాలాకో 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. నదికైతే పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. ఇందులో అర్థం కాని గణితం ఏమీ లేదు.

"పట్టా నాది, నా జాగాలో నేను కట్టుకుంటే ఎవరికి నొప్పి?" అని అడిగేవాళ్లున్నారు. చాలా చెరువుల ఎఫ్‌టీఎల్‌లో పట్టా భూములు ఉన్న మాట నిజమే. నీళ్లు తగ్గాక ఆ నేలను సాగు చేసుకునే హక్కు రైతుకు తరతరాలుగా ఉంది. ఆ హక్కును ఎవరూ తీసేయకూడదు. కానీ అది సాగు హక్కే తప్ప గోడ కట్టే హక్కు కాదు. పొలంలో నీళ్లు నిలిస్తే మళ్లీ తగ్గుతాయి. అదే పొలంలో రాత్రికి రాత్రి టిప్పర్లతో మట్టి, భవనాల శిథిలాలు పోసి నాలుగడుగులు ఎత్తు చేస్తే, అక్కడ నిలవాల్సిన నీరు పక్క బస్తీలోకి పోతుంది. ప్లాట్లు మునగకుండా అలుగును పగలగొట్టి చెరువు మట్టాన్నే దించేసిన ఉదాహరణలు నగరం చుట్టూ ఉన్నాయి. ఒకరి పట్టాలో జరిగిన పనికి దిగువన ఉన్న కిరాయి ఇళ్లవాళ్లు బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు పోగొట్టుకుంటున్నారు. అందుకే సొంత భూమి అయినా సరే, నిబంధన అమలు కావాల్సిందే. ఇందులో మాకు రెండో మాట లేదు.

అమలు జరుగుతున్న తీరుతోనే మా పేచీ.

ఒక మధ్యతరగతి కుటుంబం శివార్లలో ఎలా ఇల్లు కొంటుందో చూడండి. 'లేక్ వ్యూ' అన్న బోర్డు చూసి వెళ్తారు. ఎండాకాలం కాబట్టి చెరువు దూరంగా ఎక్కడో గుంటలా కనిపిస్తుంది. హద్దురాయి ఉండదు, ఉన్నా మట్టి కింద ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నదే చూస్తారు. ప్రైవేటు పట్టా కాబట్టి తరచూ ఆ జాబితాలో ఉండదు. స్టాంపు డ్యూటీ కట్టించుకుని రిజిస్ట్రేషన్ చేసేస్తారు. ఆ కాగితం చూసి బ్యాంకు లోన్ ఇస్తుంది. కరెంటు మీటరు వస్తుంది, నల్లా కనెక్షన్ వస్తుంది, ఇంటి నంబరు పడుతుంది. అనుమతి లేని ఇంటికి మున్సిపాలిటీ జరిమానా కలిపి మరీ ఆస్తి పన్ను వసూలు చేస్తుంది. ఇన్ని ఆఫీసులు డబ్బు తీసుకున్నాక, ఒక ఉదయం మరో ఆఫీసు వచ్చి ఇది చెరువు అంటే, ఈఎంఐ కడుతున్న మనిషి ఎవరిని అడగాలి?

2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డున గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం) అని రాసి వెళ్లారు. అదేమిటో ఇంట్లోవాళ్లకు చెప్పే నాథుడు లేడు. వీధికి వీధి టెన్షన్‌తో రోడ్డెక్కింది. అంతకు నెల ముందు, ఆగస్టు 24న, మాదాపూర్ తమ్మిడికుంటలోని ఎన్ కన్వెన్షన్‌ను, అంటే సినీ నటుడు నాగార్జున ఫంక్షన్ హాల్‌ను కూల్చినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ల కట్టడం మీదికి కూడా జేసీబీ వెళ్లిందన్న తృప్తి అది, అర్థం చేసుకోదగ్గదే. కానీ అదే రోజు హైకోర్టు స్టే ఇచ్చేసరికి అక్కడ పని పూర్తయిపోయింది. కోర్టుకు వెళ్లే వ్యవధి పెద్దవాళ్లకే దొరక్కపోతే బస్తీవాళ్లకు దొరుకుతుందా? సెలవు రోజుల్లో కూల్చడమేమిటని సెప్టెంబర్ 30న తెలంగాణ హైకోర్టు అమీన్‌పూర్ కేసులో గట్టిగానే నిలదీసింది.

ఆ నవంబర్ 13న సుప్రీంకోర్టు, కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు తప్పనిసరి అని చెప్పింది. రోడ్లు, నదులు, జలవనరుల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు ఇది వర్తించదనీ అంది. ఈ మినహాయింపును ఎఫ్‌టీఎల్‌లోని పట్టా ఇళ్లకు కూడా సాగదీయాలని అధికారులు చూస్తే అది అన్యాయం. ప్రభుత్వ చెరువు భూమిని కబ్జా చేసినవాడూ, రిజిస్టర్డ్ దస్తావేజుతో కొన్నవాడూ ఒకటి కాదు.

అసలు గీతే తేలనప్పుడు నోటీసులో ఏం రాస్తారు? హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో మూడు వేలకు పైగా చెరువులుంటే, 2024 నాటికి ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ అయినవి సగానికి తక్కువే. కూల్చడానికి ఉన్న తొందరలో పావు వంతు సర్వేకు ఉన్నా ఈ పని ఎప్పుడో పూర్తయ్యేది. ప్రతి చెరువు హద్దునూ సర్వే నంబర్లతో సహా వార్డు ఆఫీసు గోడ మీద, పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. అభ్యంతరాలు విని తేల్చాలి. ఆ నంబర్లు రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్‌లోకి ఎక్కితే, దస్తావేజు మీదే 'ఇది ఎఫ్‌టీఎల్, కట్టడానికి వీల్లేదు' అని అచ్చవుతుంది. అప్పుడు లోన్ ఇచ్చే బ్యాంకే వద్దంటుంది. అలా తేలిన హద్దులో పునాది తవ్విన రోజే ఆపాలి, అది ఎమ్మెల్యేదైనా, కాలేజీదైనా. పునాది దశలో ఆపితే పోయేది కొంత సిమెంటు, ఇనుమే. గృహప్రవేశం అయ్యాక ఆపితే కుటుంబమే రోడ్డున పడుతుంది.

విజయవాడ కూడా ఈ మాటలు వినాలి. 2005లో బుడమేరు వాగు ముంచింది, 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ వైపు మళ్లీ ముంచింది. ఈ రెండు వరదల మధ్య బుడమేరు పొడవునా వచ్చిన ఇళ్లకు ఇంటి నంబర్లు ఇచ్చింది ఎవరు?

బాధ్యత అక్కడినుంచే మొదలుపెట్టాలి. చెరువుల్లో అనుమతులిచ్చిన ఆరుగురు అధికారులపై కేసులకు 2024 ఆగస్టులో హైడ్రా సిఫార్సు చేసినప్పుడు మేం సంతోషించాం. అది ఒక్కసారితో ఆగిపోకూడదు. ఇకపై ఇచ్చే ప్రతి కూల్చివేత నోటీసులో ఆ కట్టడానికి అనుమతి ఇచ్చిన అధికారి హోదా, అనుమతి తేదీ ఉండాలి. అనుమతి చూసి కొన్న ఇల్లయితే స్టాంపు డ్యూటీ, పర్మిట్ ఫీజు వడ్డీతో తిరిగి ఇవ్వాలి. కట్టకుండా ఖాళీగా ఉంచిన పట్టాదారుకు టీడీఆర్ కాగితం (వదులుకున్న భూమికి బదులుగా మరోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, భూమి అప్పగించిన నాడే చేతికి అందాలి.