అపహేళిపై మోపిన జ్వరాలు

ఏటా ఆరుద్ర కార్తె ముగిసే వేళకు, నారుమళ్ళు ఊడ్పులకు అందివస్తున్న రోజుల్లో, మా కోనసీమ ఫోన్లలోకి ఒక సందేశం వచ్చి పడుతుంది. ఈసారి అది నాకు పదకొండు మంది దగ్గర నుంచి వచ్చింది. వారిలో నలుగురు మా మిత్రబృందంలోని వారే కావడం నాకు ఎక్కువ కష్టం కలిగించింది. అమలాపురంలో డాబాల మీద టెలిస్కోపు నిలబెట్టి శని వలయాలను వీధి పిల్లలందరికీ చూపించినవాళ్ళం, గ్రహణం పట్టిన వేళ అందరి ఎదుటా కూర్చుని భోజనం చేసినవాళ్ళం మేము. ఆ నలుగురిలో ఒకరు లెక్కల మాస్టారు, ఒకరు మందుల దుకాణం నడుపుతున్న మిత్రుడు. ఎందుకు పంపారని అడిగితే, "ముందు జాగ్రత్తకు పంపానండీ, తప్పేముంది?" అన్నారు. తప్పేముందో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సందేశం చూడనివారి కోసం దాని సారాంశం చెబుతాను. రేపు ఉదయం 5.27 గంటలకు "అల్ఫెలియన్" మొదలవుతుందట. సూర్యుడికీ భూమికీ మధ్య మామూలు దూరం 5 కాంతి నిమిషాలు, అంటే 9 కోట్ల కిలోమీటర్లట; ఇప్పుడది 15 కోట్ల 20 లక్షల కిలోమీటర్లకు, అంటే 66 శాతం ఎక్కువకు పెరుగుతుందట. అందువల్ల ఆగస్టు 22 వరకు మునుపెన్నడూ లేని చలి ఉంటుందట. ఆ చలికి ఒళ్ళు నొప్పులు, గొంతు నొప్పి, జ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి కనుక విటమిన్లతో, బలం మందులతో ఒంట్లో నిరోధక శక్తి పెంచుకోవాలట. ఆ తర్వాత, అందరికీ పంపమన్న వేడుకోలు.

5.27 సంగతి ముందుగా తేల్చేద్దాం. సందేశంలో "రేపు" అని ఉందే గాని తేదీ లేదు. తేదీ లేని రేపు ఏ ఏడాదికైనా సరిపోతుంది కాబట్టే ఇది చావకుండా తిరుగుతోంది. మా బంధువుల్లో ఒకావిడ దీన్నే సంక్రాంతి ముందు కూడా పంపారు. "అల్ఫెలియన్" అన్నది అఫీలియన్ అనే ఇంగ్లీషు మాటకు వచ్చిన తప్పు రూపం; భూమి సూర్యుడికి అత్యంత దూరంగా ఉండే ఆ బిందువును మన పాఠ్యపుస్తకాలు అపహేళి అంటాయి. అది ఒక క్షణం మాత్రమే, వారాల తరబడి సాగే దశ కాదు. 2024లో ఆ క్షణం మన గడియారాల ప్రకారం జూలై 5 ఉదయం 10.36కు, 2025లో జూలై 4న, అర్ధరాత్రి దాటాక 1.25కు వచ్చింది. దీనిపై ఇంతకంటే కాలం వెచ్చించనవసరం లేదు.

దూరాల లెక్క దగ్గర మాత్రం కొంత ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవారిని నమ్మించింది ఆ అంకెలే. 15 కోట్ల 20 లక్షలన్నది నిజమే. దాని పక్కన పెట్టిన 9 కోట్లు అబద్ధం. శుక్రుడు సూర్యుడికి సుమారు 10 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నాడు. భూమి మామూలుగా 9 కోట్ల దగ్గర ఉంటుందని ఒప్పుకుంటే, మనం బుధుడికీ శుక్రుడికీ నడుమ ఉన్నామని ఒప్పుకున్నట్టే. అప్పుడు శుక్రుడు మనకు బయటి గ్రహమవుతాడు, ఏడాదిలో కొన్నాళ్ళయినా నడిరాత్రి నడినెత్తిన వెలగాలి. ఇన్నేళ్ళుగా డాబాల మీద జాగరణ చేస్తున్న మనలో ఒక్కరైనా శుక్రుణ్ణి సంధ్యకో వేకువకో కాక అర్ధరాత్రి చూశామా? టెలిస్కోపు కూడా అక్కరలేని ఈ ప్రశ్న మనకెందుకు తట్టలేదు? సూర్యుడి వెలుగు భూమిని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుందని పిల్లల చేత వల్లె వేయించిన మాస్టారు, 5 నిమిషాలన్న మాటను చదివి కూడా తన పేరు మీదుగా ముందుకు ఎలా పంపగలిగారు?

పోనీ, ఆ అంకెలనే నిజమనుకుని లెక్క కడదాం. 9 నుంచి 15.2కు పెరిగితే పెరుగుదల దాదాపు 69 శాతం, 66 కాదు. అబద్ధం రాసినవారు అందులోని శాతాన్ని కూడా సరిచూసుకోలేదు. భూమి నిజంగానే ఇప్పుడున్న చోటి నుంచి 66 శాతం దూరం జరిగితే అంగారకుడి సగటు దూరాన్ని దాటిపోతుంది, మనకు అందే ఎండ మూడో వంతుకు కాస్త పైన నిలుస్తుంది. అప్పుడు ధవళేశ్వరం దగ్గర గోదావరి పారదు, గడ్డకడుతుంది. దగ్గుకు విటమిను మాత్ర మింగమని సలహా ఇచ్చే సందర్భమా అది?

అసలు లెక్క ఇది. జనవరి మొదటి వారంలో మనం సూర్యుడికి దాదాపు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జూలై మొదటి వారంలో 15 కోట్ల 21 లక్షల దూరంలో ఉంటాం. తేడా 50 లక్షలు, మూడున్నర శాతానికి లోపు. ఈ తేడా ఎంత చిన్నదో కళ్ళతో చూడాలని మేము ఒకసారి డాబా మీద మేకు కొట్టి, తాడు కట్టి, సుద్దముక్కతో మీటరు వ్యాసార్ధం గల వలయం గీశాం. ఆ వలయమే భూమి కక్ష్య అనుకుంటే, ఆ కొలతకు సూర్యుడు కేంద్రం నుంచి పక్కకు జరగవలసింది 1.7 సెంటీమీటర్లు. అంగారకుడి కక్ష్య దీర్ఘవృత్తమని కెప్లర్ 1609లో ప్రకటించిన మాట ఎంత గొప్పదో అప్పుడు నాకు మరింత బాగా తెలిసింది, ఎందుకంటే మేము గీసిన వలయాన్ని దీర్ఘవృత్తంగా మార్చాలంటే ఒక వైపు వ్యాసార్ధాన్ని 0.14 మిల్లీమీటర్లు తగ్గించాలి. మా సుద్ద గీత మందమే దానికి ఎన్నో రెట్లుంది.

ఇక చలి. మన డెల్టాలో పుట్టి పెరిగినవారికి చలి ఎప్పుడో చెప్పనవసరం లేదు. ధనుర్మాసంలో, కాలువ గట్ల మీద మంచు దట్టంగా కమ్మి ఎదుటి కొబ్బరిచెట్టు కూడా కనబడని ఉదయాల్లో, భోగి మంటల కోసం పిల్లలు దుంగలు పోగుచేసే ఆ రోజుల్లోనే భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా ఉంటుంది. దూరమే చలికి కారణమైతే ముగ్గులు పెట్టే నెలలో మనం చెమటలు కక్కాలి, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలకూ మనకూ ఒకే నెలలో చలికాలం రావాలి. జూలైలో వాళ్ళు స్వెటర్లు వేసుకుంటారు, జనవరిలో ఎండలకు తాళలేక సముద్రపు ఒడ్డుకు పోతారు. వాళ్ళూ మనమూ ఉన్నది ఒకే భూమి మీద, ఒకే దూరంలో. అమలాపురంలో జూలై మొదట్లో పగలు 13 గంటలుంటుంది, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఆరు డిగ్రీల దగ్గరలో నిలుస్తాడు. జనవరి మొదట్లో పగలు 11 గంటల పైచిలుకే, సూర్యుడు దక్షిణానికి 39 డిగ్రీలు వాలి ఉంటాడు. ఇదంతా 23.4 డిగ్రీల అక్షం వాలు చేసే పని. అంతేకాదు, భూగోళం మొత్తం సగటు ఉష్ణోగ్రత అపహేళి నాడే, సూర్యుడికి అత్యంత దగ్గరగా ఉండే పరిహేళి నాటి కంటే సుమారు 2 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అప్పుడు సూర్యుడి వైపు వాలి ఉన్న ఉత్తరార్ధంలో నేల ఎక్కువ, నీటి కంటే నేల త్వరగా వేడెక్కుతుంది.

అయితే సందేశాన్ని నమ్మినవారి అనుభవాన్ని నేను అబద్ధమనను. మూడున్నర శాతం దూరం వల్ల ఎండ తీవ్రత దాదాపు 7 శాతం తగ్గుతుంది, అది కొలవదగిన తేడానే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ చూసిన ఒంటికి, నాలుగు రోజులు ముసురు పట్టిన జూలైలో వణుకు పుట్టడమూ నిజమే. ఆ చల్లదనాన్ని తెచ్చింది నైరుతి మబ్బు. అంతకంటే పెద్ద విషయం ఒకటి ఒప్పుకుంటాను: ఈ కాలంలో దగ్గులూ జ్వరాలూ పెరుగుతాయన్న మాట పూర్తిగా నిజం. మన దేశంలో ఫ్లూ చలికాలంలోనే కాక వానల్లో కూడా విజృంభిస్తుంది. సందేశం చూపించిన జబ్బు ఉన్నదే, అది చూపించిన కారణం లేదు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ తప్పుడు కారణమే. జూలై, ఆగస్టు నెలలంటే మనకు గోదావరి వరదల నెలలు. 2022 జూలైలో, అపహేళి దాటిన రెండు వారాలకు, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వరద తీశాక దొడ్లలో, మురుగు కాలువల్లో, ఇళ్ళ చుట్టూ నీరు నిలుస్తుంది. వరద రాని ఊళ్ళలో కూడా కొబ్బరి ఒలుపు జరిగిన ప్రతి చోటా చిప్పలూ డొక్కలూ గుట్టలుగా పడి ఉంటాయి, ఒక్క వాన పడితే ప్రతి చిప్పా ఒక చిన్న చెరువవుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమకు కావలసింది అలాంటి నిలవ నీరే. అది పగటి పూట కుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు. బురద చేలలో దిగి ఊడ్చే కూలీలకు ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. కలుషితమైన తాగునీటితో టైఫాయిడ్ వస్తుంది. వీటన్నిటికీ మొదట కనిపించేది జ్వరం, ఒళ్ళు నొప్పులు. సందేశం సరిగ్గా ఆ లక్షణాలనే పేరు పేరునా చెప్పి, ఇది సూర్యుడి దూరం వల్ల వచ్చింది, తనంత తానే పోతుంది అన్న ధీమా ఇస్తోంది.

మా వీధి చివర ఒక కొబ్బరి దింపు కార్మికుడి కుటుంబం ఉంది. నిరుడు ఈ రోజుల్లోనే వాళ్ళ పదేళ్ళ పిల్లవాడికి జ్వరం వచ్చింది. ఇంట్లో ఫోనుకు అప్పటికే ఈ సందేశం చేరింది. "చదువుకున్న పెద్దలు పంపారు కదండీ" అని ఆ తల్లి నాతో తర్వాత అన్నది. నాలుగు రోజులు మిరియాల కషాయం పట్టారు, ఒళ్ళు నొప్పుల కోసం దుకాణంలో అడిగి ఏవో మాత్రలు వేశారు. అయిదో రోజు జ్వరం జారింది, పిల్లవాడు తేరుకున్నాడని సంతోషించారు. ఆ సాయంత్రమే కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం. ఆసుపత్రిలో డెంగీ అని తేలింది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వారం రోజుల తర్వాత పిల్లవాడు క్షేమంగా ఇంటికి వచ్చాడు. డెంగీలో జ్వరం తగ్గే ఘడియలే అసలు ప్రమాదపు ఘడియలని, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయని, జ్వరానికి పారాసెటమాల్ తప్ప మరేదీ సొంతంగా వేయకూడదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఇంటికి చేరింది అల్ఫెలియన్ గురించిన మాట మాత్రమే.

ఆ సందేశం ఆ ఏడాది మా బృందంలోకి వచ్చిన మొదటి రోజే నేను చూశాను. స్నేహితుడి మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం తప్పు, అందుకే ఇప్పుడు మొహమాటం లేకుండా అడుగుతున్నాను. మందుల దుకాణంలో రోజుకు ఎన్నో చీటీలు చదివే మీరు, జ్వరం వచ్చినవాడిని రక్తపరీక్షకు పంపవలసిన మీరు, ఆయాసం వస్తే విటమిన్లు వాడమన్న మాటను ఎలా పంచారు? ఆయాసం పెద్దవాళ్ళకైనా పసివాళ్ళకైనా ఆ పూటే వైద్యుడి దగ్గరకు తీసుకుపోవలసిన లక్షణం. ముందు జాగ్రత్త అన్న మాటకు అర్థం అదే అయితే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళమన్న వాక్యం ఆ సందేశంలో ఎక్కడుంది? కొబ్బరి చిప్పలు బోర్లించమన్న వాక్యం ఎక్కడుంది? దోమతెర అన్న మాట ఒక్కసారైనా వచ్చిందా?

విటమిన్ల సలహాకు వేరే జవాబు అక్కరలేదు. ఏ విటమిను మాత్రా దోమకాటును ఆపదు. అందరికీ పంపమన్న వేడుకోలుకు కూడా అంతే, పంపకండి. ఇప్పటికే పంపినవారు, ఎవరెవరికి పంపారో వారందరికీ అది తప్పని మళ్ళీ రాయండి.

మిగిలింది ఆగస్టు 22 వరకు ఉంటుందన్న మునుపెన్నడూ లేని చలి. ఆ గడువు మధ్యలోనే, ఆగస్టు మొదటి వారంలో, సూర్యుడు మన డెల్టా మీదుగా దక్షిణానికి మళ్ళుతూ అమలాపురానికి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేలో ఉత్తరానికి పోతూ ఒకసారి వచ్చినట్టే. దేశ కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరలోనే ఉంది కనుక మన మధ్యాహ్నం గడియారపు మధ్యాహ్నానికి ఎంతో దూరం పోదు. ఆగస్టు 6న, మబ్బు విడిస్తే, మా డాబా మీద నిలువు గొట్టం ఒకటి పాతి ఉంచుతాను. 12 దాటి ఏడెనిమిది నిమిషాలయ్యే వేళకు దాని నీడ పూర్తిగా దాని కిందికే చేరుతుంది. మాస్టారూ, మందుల దుకాణం మిత్రుడూ, తక్కిన ఇద్దరూ తప్పక రండి. ఆ దింపు కార్మికుడి పిల్లవాణ్ణి కూడా పిలిచాను, సమయం రాసిపెట్టే పని వాడిదే.