రెండో తల ఖర్చు

నవల సినిమా అయినా, నాటకం టీవీకి వచ్చినా, మాధ్యమం మారిన ప్రతిసారీ అసలు కథ పాడవుతుందని నేను చదివిన ఓ వ్యాసంలో తేల్చేశారు. రాసినవాడే మార్చుకుంటే కూడా అంతేనా? ఇంగ్లీషు రచయిత డగ్లస్ ఆడమ్స్ అంతరిక్షంలో నడిపిన హాస్యకథ ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ని చూడండి. 1978లో బీబీసీ రేడియో నాటకం, 1979లో నవల, 1981లో టీవీ సీరియల్, 1984లో కంప్యూటర్ గేమ్. ఏ రెండింటిలోనూ కథ పూర్తిగా కలవదు.

అందులో జాఫోడ్ అనేవాడికి రెండు తలలు. రేడియోలో అది మాటల్లో దొర్లిపోయే జోకు. తలని వినేవాళ్ళే ఊహించుకుంటారు, పైసా ఖర్చు లేదు. టీవీకి వచ్చేసరికి నటుడి భుజం మీద నిజంగానే ఓ కదిలే బొమ్మ తల బిగించాల్సి వచ్చింది. అదేమో సరిగ్గా పనిచేయక ఓ పక్కకి వాలి ఉంటుంది. పాపం ఆ నటుడు!

నాకైతే గేమ్ అన్నిటికన్నా ఇష్టం. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. అందులో మనమే హీరో. చీకట్లో, తలనొప్పితో లేస్తాం. లైటు వెయ్యమని టైప్ చేస్తే తప్ప ఏమీ కనపడదు. బయట ఇల్లు కూల్చడానికి బుల్‌డోజర్. నవల చదివినవాళ్ళు అందులో హీరో చేసినట్టే ధీమాగా వెళ్ళి, దాన్ని ఆపడానికి దాని ముందు పడుకుంటారు. ఆ ధీమా ఎంతోసేపు ఉండదు లెండి. ఏ భాషనైనా అర్థమయ్యేలా చేసే చేపని నవలలో స్నేహితుడు చటుక్కున హీరో చెవిలో పెట్టేస్తాడు. గేమ్‌లో ఆ చేపని పట్టుకోవడానికే ప్రాణం పోతుంది. చదివింది మనకి అడ్డం వచ్చేలా ఆడమ్స్ కావాలనే తిప్పి రాశాడనిపిస్తుంది.

సినిమా సంగతంటారా, 2005లో అది విడుదలయ్యేనాటికి ఆయనే లేరు.