జేబులో వంకీ చాకు: పనికా, భయానికా?

గత నెల మా అక్క కొడుకు గుంటూరు నుంచి ఫోను చేశాడు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. సాయంత్రం విజయవాడలో కోచింగ్‌కు వెళ్లి, రాత్రి ఆలస్యంగా బస్సు పట్టుకుని ఇంటికి చేరతాడు. “మామయ్యా, నీకు చాకుల సంగతి తెలుసు కదా, ఈ రెండింటిలో ఏది కొనమంటావు?” అని రెండు ఫొటోలు పంపాడు. రెండూ మడత చాకులే. రెండింటి అలుగులూ పులిగోరులా లోపలికి వంగి ఉన్నాయి. ఒకదాని పిడి చివర వేలు దూర్చే ఉంగరం కూడా ఉంది. ఎందుకురా అని అడిగితే, “అట్టపెట్టెలు, తాళ్లు కోసుకోవడానికి. ఎవరైనా మీదికొస్తే పనికొస్తుంది కూడా” అన్నాడు. ఆ చివరి ‘కూడా’ నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

అతని భయాన్ని నేను కొట్టిపారేయను. విజయవాడ వార్తల్లో, బ్లేడ్లతో బెదిరించి దోచుకునేవాళ్లను పిలిచే ‘బ్లేడ్ బ్యాచ్’ అనే మాట ఎన్నేళ్లుగా నలుగుతోందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. 2020 మే చివర్లో పటమటలో రెండు ముఠాలు కత్తులు, కర్రలతో తలపడితే ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అలాంటి వార్తలు చదివి, చీకటి వీధిలో ఒంటరిగా నడిచే కుర్రవాడు జేబులో ఏదైనా ఉంటే బాగుండుననుకోవడం సహజం. కానీ పటమటలో ఆ రోజు ఆయుధాలు లేక ఎవరూ దెబ్బ తినలేదు. రెండు వైపులా ఆయుధాలు ఉన్నందువల్లే ప్రాణం పోయింది.

ముందు వంకీ గొప్పతనం చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా గొప్పదే. మన ఊళ్లలో వరి కోసే కక్కు కొడవలిని చూడండి. తిన్నని కత్తితో వరి దుబ్బును కోయబోతే కాడలు అలుగు మీద నుంచి జారి మొన వైపు తప్పించుకుంటాయి. కొడవలి వంపు వాటిని లోపలికి చేర్చి, ఒక్క గుత్తిగా పట్టి, లాగేకొద్దీ వాదర (పదునైన అంచు) మీదికి తెస్తుంది. బలం చేతిది, ఒడుపు వంపుది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి కుట్టిన పురికొస తెంపాలన్నా, అట్టపెట్టెకు బిగించిన ప్లాస్టిక్ పట్టీ కోయాలన్నా, నైలాన్ తాడు ముక్క చేయాలన్నా, గులాబీ కొమ్మ కత్తిరించాలన్నా చిన్న వంకీ చాకు చేసే పని తిన్నని చాకు చేయలేదు. తోటపని కోసం ఐరోపాలో తరతరాలుగా వంకీ మడత చాకులు తయారు చేస్తున్నారు. ఫ్రాన్స్‌లో ఒపినెల్, స్విట్జర్లాండ్‌లో విక్టోరినాక్స్ వాటిని ఇప్పటికీ అమ్ముతున్నాయి.

మా వాడు పంపిన ఉంగరం చాకు పేరు కరంబిట్. దానిది ఇండోనేషియా వైపు వంశం. సుమత్రా దీవిలోని మినాంగ్‌కబౌ ప్రజల చేతి పనిముట్టుగా మొదలై, అక్కడి పోరు విద్యలో చేరి, తర్వాత అమెరికా, ఇటలీ కంపెనీల చేతిలో మడత చాకుగా మారి ప్రపంచమంతా తిరిగింది. ఇప్పుడు వీడియో ఆటల్లో, సినిమాల్లో మెరుస్తోంది. కుర్రవాళ్లకు అది చేరేది ఆ దారిలోనే. వేలి చుట్టూ గిర్రున తిప్పే విన్యాసం చూసి కొంటారు. పొలం పనికి పుట్టిన వస్తువని చాలామందికి తెలియదు.

వంకీ గుణం పట్టుకోవడం. వదలకపోవడం. తాడు విషయంలో అదే దాని మంచితనం. మనిషి మీదికి వచ్చినప్పుడు అదే దాని చెడ్డతనం. రాత్రి వేళ ఎవరైనా అడ్డగిస్తే మీకు కావలసింది ఒక్కటే, విడిపించుకుని వెళ్లిపోవడం. పోరులో గెలవడం కాదు, ఎవరికీ గుణపాఠం చెప్పడం కాదు. పది అడుగుల దూరం, ఆ తర్వాత ఇరవై, ఆ తర్వాత దీపం వెలిగే దుకాణం. వంకీ మొన ఎదుటివాడి చొక్కాలోనో, సంచి పట్టీలోనో చిక్కుకుంటే తిన్నని చాకులా వెనక్కి రాదు. మీరు పారిపోవాలనుకుంటున్న మనిషికి మిమ్మల్ని కట్టిపడేస్తుంది. పిడి చివర ఉంగరం ఉంటే మరీ ప్రమాదం. పెనుగులాటలో చేయి మెలిపడితే వేలు అందులోనే ఉండిపోతుంది. చాకు జారిపోకుండా పెట్టిన ఉంగరం, చాకు వదిలేయాల్సిన క్షణంలో వదలనివ్వదు.

ఇక సమయం సంగతి. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఒక వ్యాసం రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటగలడని అందులో చూపించాడు. 21 అడుగులంటే రెండు ఆటోలను వరుసగా నిలిపితే వచ్చే పొడవుకు కాస్త ఎక్కువ. ఒరలోంచి పిస్తోలు తీసే శిక్షణ పొందిన పోలీసుకే ఆ వ్యవధి చాలీచాలనిది. అలాంటప్పుడు ప్యాంటు జేబులో తాళాలతోపాటు పడి ఉన్న మడత చాకును తీసి, సరైన వైపు తిప్పి, బొటనవేలితో తెరిచి, అలుగు మడుచుకోకుండా ఆపే తాళం పడిందో లేదో చూసుకునే వ్యవధి ఎవరికి దొరుకుతుంది? భయంలో ముందుగా మొరాయించేవి వేళ్లే. ఇంటి తాళంచెవి తాళంలో దూరని రాత్రులు మనందరికీ గుర్తే. దీనికి విరుగుడుగా, జేబు అంచుకు తగిలి దానంతట అదే తెరుచుకునేలా అలుగు వీపు (పదును లేని అంచు) మీద కొక్కెం పెట్టిన చాకులు కూడా అమ్ముతున్నారు. మీరు వద్దనుకున్నప్పుడు కూడా అవి తెరుచుకుంటాయి. స్కూటర్ మీద కూర్చుంటూ ఫోను తీసేవాడి జేబులో అలాంటిది ఉండటం నాకు సమ్మతం కాదు.

నేను ఈ మాటలు ఒడ్డున నిలబడి చెప్పడం లేదు. నాలుగేళ్ల కిందట చవకగా వచ్చిందని ఒక వంకీ మడత చాకు కొన్నాను. మోటారు పెట్టె విప్పుతుంటే మొన ప్లాస్టిక్ పట్టీ కిందుగా అట్టలోకి దిగి ఇరుక్కుంది. వెనక్కి నెట్టాను. లోపలి తాళం రేకు జారింది, అలుగు చూపుడు వేలి మీద మడుచుకుంది. మూడు కుట్లు పడ్డాయి. నెల రోజులు కలం సరిగ్గా పట్టలేకపోయాను. అప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, వంకీతో లాగి కోస్తున్నంతసేపూ బలం అలుగును తెరుచుకునే వైపే నెడుతుంది, కాబట్టి తాళం మీద భారం పడదు. ఇరుక్కున్న మొనను బయటికి తీయబోయినప్పుడు బలం వీపు మీద పడుతుంది. చాకు మడుచుకునేది అప్పుడే. ఎదురుగా కదలని అట్టపెట్టె ఉన్నప్పుడే ఇంత జరిగింది. అక్కడ తోసుకుంటున్న మనిషి ఉంటే నా వేళ్లు ఏమయ్యేవో ఆలోచించడానికి కూడా మనసు ఒప్పదు.

కాబట్టి పని కోసమే కొంటే ఏది కొనాలి? ఇక్కడ మనసు విప్పి చెబుతాను, ఎందుకంటే మంచి చాకు మీద నాకున్న ఇష్టం తగ్గలేదు. వంపు తక్కువగా ఉన్నది చూడండి. మొన మాత్రమే కాస్త కిందికి వాలి, మిగతా వాదర దాదాపు తిన్నగా ఉంటే పండు కోయడానికీ, పెన్సిల్ చెక్కడానికీ కూడా పనికొస్తుంది. పూర్తిగా గోరులా వంగినది తాడుకు తప్ప దేనికీ సుఖం కాదు. వంటింట్లో పలక మీద ఉల్లిపాయ తరగబోతే మొన ఒక్కటే పలకకు తగులుతుంది. అలుగు పొడవు ఆరు నుంచి ఏడు సెంటీమీటర్లు చాలు. మడిచినప్పుడు మొన పూర్తిగా పిడిలోకి దిగిందో లేదో వేలి కొసతో తడిమి చూడండి. వంకీ చాకుల్లో మొన వెంట్రుకవాసి బయట ఉండిపోయే లోపం తరచుగా కనిపిస్తుంది, జేబును, తొడను చీల్చేది అదే.

తాళాన్ని పరీక్షించకుండా కొనవద్దు. అలుగు తెరిచి, మడత దారిలో వేళ్లు లేకుండా పట్టుకుని, వీపును చెక్క అంచుకు మెల్లగా తట్టండి. తాళం కదిలితే దుకాణంలోనే వదిలేయండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే తిరిగి పంపేయండి. ఒపినెల్ చాకుల్లో 1955 నుంచి ఉన్న తిప్పుడు ఉంగరం తాళం పాతదే అయినా నాకు చాలా నమ్మకం. దాని బీచ్ చెక్క పిడి మాత్రం మన వర్షాకాలంలో తేమకు ఉబ్బి, అలుగు తెరుచుకోనని మొండికేస్తుంది. కృష్ణా తీరపు ఉక్కలో ఉక్కు సంగతి కూడా పట్టించుకోవాలి. డీ2 అనే ఉక్కులో క్రోమియం సుమారు 12 శాతమే. చెమట తగిలి, నిమ్మరసం తగిలి, తుడవకుండా వదిలేస్తే మచ్చలు పడుతుంది. 14సీ28ఎన్ అనేది స్వీడన్ ఉక్కు, క్రోమియం 14 శాతం, తుప్పును బాగా తట్టుకుంటుంది, పదును కూడా సులువుగా ఎక్కుతుంది. నా ఓటు దానికే.

పదును పెట్టడం దగ్గరే చాలామంది వంకీ చాకును అటకెక్కిస్తారు. లోపలికి వంగిన వాదర చదునైన సానరాయికి ఆనదు. గుండ్రని సిరామిక్ కడ్డీ కావాలి. లేకపోతే పెన్సిల్‌కు నెంబరు ఎక్కువ ఉన్న సన్న ఉప్పు కాగితం చుట్టి, వంపు వెంట మొదలు నుంచి మొన దాకా ఒకే కోణంలో నడపాలి. ఓపిక పావుగంట ఉంటే చాలు.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ‘చిన్న చాకే కదా’ అన్న ధీమా నేను చాలామందిలో చూశాను. 2016 నాటి ఆయుధ నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ తయారైనవాటికి మినహాయింపు ఉంది. ఆ లెక్కన జేబు చాకు ఆ పరిధిలోకి రాదు. కానీ ప్రాంతాన్ని బట్టి నిబంధనలు మారతాయి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ 7.62 సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవు, 1.72 సెంటీమీటర్లు, అంతకు మించిన వెడల్పు అలుగు ఉన్న బటన్ చాకులనే (మీట నొక్కితే తెరుచుకునేవి) ఆయుధ చట్టం కిందికి తెచ్చింది. ఉద్యోగ పరీక్షలకు ఢిల్లీ వెళ్లే మన పిల్లలు దీన్ని తెలుసుకోవాలి. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో ఏ చాకూ పనికిరాదన్నది వేరే చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు చాకు జేబులో ఉన్నప్పటిది కాదు, బయటికి తీసినప్పటిది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. ఆ హక్కు గట్టిదే. ప్రాణభయం సహేతుకమైతే ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలను 38వ సెక్షన్ చెబుతుంది. దాడికి గురైన మనిషి తన దెబ్బను తూకం వేసి కొట్టలేడని సుప్రీంకోర్టు కూడా పలుమార్లు గుర్తించింది. కానీ రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని 37వ సెక్షన్ గీత గీస్తుంది. ఆత్మరక్షణ కోసమే చేశానని నిరూపించుకునే భారం, సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ ప్రకారం, నిందితుడి మీదే ఉంటుంది. గొలుసు లాక్కుని పారిపోతున్నవాడి వీపు మీద పడిన గాటు ఆత్మరక్షణ కిందికి రావడం కష్టం. అప్పుడు న్యాయ సంహిత 118వ సెక్షన్ ముందుకొస్తుంది. ప్రమాదకర ఆయుధంతో గాయం చేస్తే మూడేళ్ల దాకా, తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా, ఒక్కోసారి యావజ్జీవం. వంకీ చాకు గాటు లోతుగా, చీలుతూ పోతుంది. చిన్న గాయంతో ఆపుదామని మీరనుకున్నా దాని ఆకారం మీ మాట వినదు. ‘ఎవరైనా మీదికొస్తే పనికొస్తుంది’ అని ఫోనులో పంపిన సందేశం కోర్టులో మీ తరఫున మాట్లాడుతుందని నేను అనుకోను.

మరి ఖాళీ చేతులతో వెళ్లమంటావా అని మా వాడు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. మిరప ఘాటుతో పనిచేసే పెప్పర్ స్ప్రే దూరం నుంచి పనిచేస్తుంది, పారిపోయే వ్యవధి ఇస్తుంది, శాశ్వత గాయం మిగిల్చే అవకాశం చాకుతో పోలిస్తే చాలా తక్కువ. దాన్నీ ఇష్టం వచ్చినట్టు వాడటానికి లేదు. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో పెప్పర్ స్ప్రేను ప్రమాదకర ఆయుధంగానే చూసి, ఆత్మరక్షణ అన్న వాదనను ఒప్పుకోలేదు. అయినా రెండింటిలో ఎంచుకోమంటే నేను అదే ఇస్తాను. దానితోపాటు అరచేతిలో ఇమిడే టార్చి, ఫోనులో అత్యవసర నంబరు 112. పర్సు అడిగితే పర్సు ఇచ్చేయడం పిరికితనం కాదని కూడా గట్టిగా చెప్పాను. ఆ మాట ఒప్పుకోవడానికే అతనికి చాలాసేపు పట్టింది.

పోయిన ఆదివారం వాడు మా ఇంటికి వచ్చాడు. ఉంగరం చాకు కొనలేదు, వంపు తక్కువ ఉన్న తోటపని చాకు ఒకటి తెచ్చాడు. డాబా మీద మల్లె తీగ ఎండు కొమ్మలు కోస్తూ, పెన్సిల్‌కు ఉప్పు కాగితం చుట్టడం నేర్చుకున్నాడు. ఆ పనిలో ఉండగా అడిగాను, దారి మొత్తంలో నీకు భయం వేసేది ఎక్కడ అని. కాసేపు ఆలోచించి, బస్సు దిగాక సందులోకి తిరిగే మలుపు దగ్గర, దీపం లేని ఆ వంద గజాలే అన్నాడు. దారి పొడుగునా కాదు, ఆ వంద గజాలే. ఇద్దరం కాగితం మీద వీధులు గీసి చూశాం. ఒక స్టాపు ముందుగా దిగితే రాత్రి దాకా తెరిచి ఉండే టీ కొట్టు, మందుల దుకాణం మీదుగా మరో దారి ఉంది. నడక ఏడు నిమిషాలు ఎక్కువ. సోమవారం నుంచి ఆ దారినే వస్తున్నాడు. దీపం కోసం కార్పొరేషన్‌కు మా అక్క అర్జీ పెట్టింది, ఇంకా వెలగలేదు.