ఏది ఒలికినా రంపపు పొట్టు చాలదు

చిన్న పరిశ్రమలు, మెకానిక్ షెడ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా జోరుగా తిరుగుతోంది: "ఫ్లోర్ మీద ఏది ఒలికినా రంపపు పొట్టు చల్లండి. పది నిమిషాలాగి ఊడ్చి చెత్తబండిలో వేయండి. మిగిలిన జిడ్డును సర్ఫ్ నీళ్లతో కాలువలోకి కడిగేయండి. యాసిడ్ అయితే కాస్టిక్ సోడా పోస్తే విరిగిపోతుంది." పాటిస్తే ప్రాణాల మీదికొచ్చే సలహా ఇది.

"ఏది ఒలికినా రంపపు పొట్టు"

ఇంజిన్ ఆయిల్‌కు, గేర్ ఆయిల్‌కు పొట్టు పనికొస్తుంది, కాదనం. కానీ గాఢ నైట్రిక్ యాసిడ్, గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి వాటికి ఆ పొట్టే ఇంధనమై అంటుకుంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో మాడి బొగ్గవుతుంది. ఇలాంటి వాటికి పొడి ఇసుక గానీ వర్మిక్యులైట్ (మంటకు అంటుకోని తేలికపాటి ఖనిజం) గానీ వాడాలి. పెయింట్ పనిచేసే చోట ఇంకో ప్రమాదం ఉంది. అవిసె నూనె పీల్చిన పొట్టును, గుడ్డలను కుప్పగా వదిలేస్తే, కొన్ని గంటల్లో లోపల వేడి పెరిగి వాటంతటవే అంటుకోగలవు.

"సర్ఫ్ నీళ్లతో కాలువలోకి"

అన్నిటికన్నా చెడ్డ మాట ఇదే. పెట్రోల్ ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత) దాదాపు మైనస్ 43 డిగ్రీలు, అంటే ఎంత చలిలోనైనా అంటుకుంటుంది. దాని ఆవిరి గాలికన్నా మూడు, నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా కాలువల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది. మెక్సికోలోని గ్వాడలహారాలో 1992 ఏప్రిల్ 22న మురుగు కాలువల్లో చేరిన పెట్రోల్ ఆవిరి పేలి, వీధులకు వీధులు చీలిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు.

నూనెల విషయానికొస్తే, మురుగు నీటి నుంచి నూనెను వేరుచేసే ఆయిల్ సెపరేటర్ పనిచేసేదే నూనె నీటిపై తేలుతుంది కాబట్టి. సర్ఫ్ కలిస్తే నూనె సన్నని బిందువులుగా విడిపోయి తేలకుండా నీటితోపాటే దాటిపోతుంది. వాన నీటి కాలువకైతే ఆ సెపరేటర్ కూడా ఉండదు, నేరుగా చెరువే.

కాబట్టి కారడాన్ని ఆపగానే (వాల్వు కట్టేయడం, డ్రమ్మును చిల్లు పైకొచ్చేలా తిప్పడం) చేయాల్సిన పని డ్రైన్ మూతిని రబ్బరు షీటుతోనో ఇసుక బస్తాలతోనో మూయడం. తర్వాత పల్లం వైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ కట్ట వేసి, అంచుల నుంచి మధ్యకు పీల్పించాలి. చివరి జిడ్డును తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డ కూడా వ్యర్థాల డ్రమ్ములోకే. పెట్రోల్, థిన్నర్ అయితే చిన్న నిప్పురవ్వ కూడా పుట్టకూడదు, కాబట్టి దగ్గర్లో స్విచ్ వేయొద్దు, ఆర్పొద్దు. ఇనుప పార బదులు ప్లాస్టిక్ పార వాడాలి. ఫోర్క్‌లిఫ్ట్‌ను దగ్గరికి రానివ్వకూడదు.

"యాసిడ్‌కు కాస్టిక్ సోడా"

గాఢ యాసిడ్, కాస్టిక్ కలిస్తే పుట్టే వేడికి ద్రవం మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. మోతాదు మించితే మిగిలేది కాస్టిక్, అదీ చర్మాన్ని తినేస్తుంది. వాడాల్సింది సోడా యాష్ (సోడియం కార్బొనేట్) లేదా వంటసోడా. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ లీటరుకు సోడా యాష్ సుమారు 2 కిలోలు, వంటసోడా అయితే 3.1 కిలోలు పడుతుంది. బ్యాటరీ యాసిడ్ లీటరుకు వంటసోడా 800 గ్రాములు పైచిలుకు. గాఢ యాసిడ్‌ను ముందు ఇసుకతో పీల్పించి, ఆ తర్వాతే అంచుల నుంచి కొద్దికొద్దిగా సోడా చల్లాలి. నురుగు ఆగాక పీహెచ్ పేపర్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కాగితం) 6, 9 మధ్య చూపాలి. ఫేస్ షీల్డ్, యాసిడ్‌కు తట్టుకునే రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. తోలు గ్లౌజులు యాసిడ్‌ను పీల్చుకుని చేతికే అంటిస్తాయి. బ్లీచింగ్ పౌడర్ జోలికి అసలు పోవద్దు, యాసిడ్ తగిలితే క్లోరిన్ వస్తుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌కు ఈ లెక్క పనికిరాదు, ఆ యాసిడ్ గాయాలకు పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఇదంతా క్యాన్ ఒలికినప్పటి మాట. యాసిడ్ డ్రమ్ము పగిలినా, పొగలు లేస్తున్నా మనుషుల్ని గాలి వచ్చే దిక్కుకు తరలించి 101కి ఫోన్ చేయాలి.

"ఊడ్చి చెత్తబండిలో"

పీల్చినంత మాత్రాన నూనె గుణం మారదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం నూనె ఉన్న వ్యర్థాలు మొదటి షెడ్యూల్‌లో 5.2 కిందికొస్తాయి. మూత ఉన్న డ్రమ్ములో వేసి, ఫారం 8 లేబుల్ అంటించి, మామూలుగా 90 రోజుల్లోపు ఫారం 10తో (రవాణా పత్రం) అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. హైదరాబాద్ చుట్టుపక్కల వారికి దుండిగల్‌లో, విశాఖ వారికి పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి. సోడాతో విరిచిన యాసిడ్ వ్యర్థం డ్రమ్ములోనూ కొంతసేపు గ్యాస్ వదులుతుంది కాబట్టి మొదటి రోజు మూత బిగించొద్దు, డ్రమ్ము ఉబ్బుతుంది.