రంగు వేస్తే పాత ట్రాక్టర్ రేటు పెరగదు

వారం రోజులుగా మహారాష్ట్రలోని మా ధర్మాబాద్, బిలోలి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "మీ ఇంట్లో 40 ఏళ్లు దాటిన ట్రాక్టర్ ఉందా? పాతదైన కొద్దీ రేటు ఎక్కువ. కొత్త రంగు వేయిస్తే రెట్టింపు. మీటరు తక్కువ తిరిగితే ఇంకా పలుకుతుంది. కాగితాలు లేకపోయినా ఫర్వాలేదు" అని. దీన్ని నమ్మి మా ఊళ్లో ఇద్దరు బండ్లు పెయింటర్ దగ్గరికి తోలారు. మూడోవాళ్లు తోలకముందే ఇది రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. డెబ్బై ఏళ్లు దాటినా అక్కడ అది మామూలు మనిషి కొనగలిగే బండే, ఎందుకంటే లెక్కలేనన్ని మిగిలాయి. ఎన్ని తయారయ్యాయి, ఎన్ని మిగిలాయి, కొనేవాడికి ఎందుకు కావాలి అన్నవే రేటును నడిపిస్తాయి. మన దగ్గర ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఎంటీనే చూడండి. చెకోస్లోవేకియా కంపెనీ జెటార్ సాయంతో 1971లో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్లు మొదలుపెట్టింది. ఆ విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు ఆ కంపెనీ 2511 మోడల్ కొనే రైతు "స్పేర్లు ఎక్కడ తేవాలి?" అని రేటు తగ్గిస్తాడు. పాత బండ్లు సేకరించేవాడు మాత్రం అన్నీ అసలు భాగాలతో ఉన్నది దొరికితే పెంచి అడుగుతాడు. అదే బండి, రెండు రేట్లు. మీ ముందు నిలబడ్డది వీళ్లలో ఎవరో తెలియకుండా రేటు చెప్పలేం.

రంగు మాటే నాకు ఎక్కువ బాధ. మా మేనమామ దగ్గర 2511 ఉండేది. అమ్ముదామనుకున్నప్పుడు ఎవరో చెబితే రంగు వేయించాడు. పెయింటర్ తుప్పు పోవాలని గ్రైండర్ పెట్టి, గుంతలకు లప్పం నింపి, మూడు రోజుల్లో బండిని మెరిపించాడు. కంపెనీ పేరున్న చిన్న రేకు ఊడదీసి ఎక్కడ పడేశాడో తనకే గుర్తులేదు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఆయన బేరం కుదిరాక బండి మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబర్ మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. కాగితం నల్లబడింది గానీ అంకెలు రాలేదు. థిన్నర్ పోసి గీకితే చివరి రెండు అంకెలు సగం అరిగిపోయి కనిపించాయి. "మామా, ఈ నంబర్‌తో నేనెలా నా పేరు మీద చేయించుకోను?" అని ఆయన వెళ్లిపోయాడు. తర్వాత బండి చాలా తక్కువకు పోయింది. ఎండకు వెలిసిన అసలు రంగు, సొట్ట పడ్డ అసలు మడ్‌గార్డ్ ఉన్నా ఆయన తీసుకునేవాడే. పైగా కొత్త రంగు చూస్తే తెలిసినవాడికి ముందు వచ్చేది అనుమానమే: లోపల పగులేమైనా దాచారా అని.

బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు గురించి ఎక్కువ చెప్పను. ఇన్నేళ్ల బండిలో అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లేదా మార్చి ఉంటారు. కొనేవాళ్లయితే దాన్ని వదిలేసి క్లచ్ పెడల్ అరుగుదల, స్టీరింగ్ ఎంత వదులుగా ఉందో చూడండి. పొద్దున్నే చల్లని ఇంజిన్ మీరే స్టార్ట్ చేయండి, అమ్మేవాడు ముందే వేడి చేసి పెట్టకుండా. ఇంజిన్ లోపలి గాలి వదిలే గొట్టం, అంటే బ్రీతర్ నుంచి పొగ దట్టంగా కొడితే సిలిండర్ బోరు, పిస్టన్ రింగులు అయిపోయినట్టే. కల్టివేటర్ పైకెత్తి ఇంజిన్ ఆపండి. వెంటనే కిందికి జారితే హైడ్రాలిక్ పని చేయించాల్సిందే. వెనక టైర్లు రెండూ పోయి ఉంటే ఆ ఖర్చు కూడా రేటులోంచే తీసేస్తారు.

ఇక కాగితాలు. ట్రాక్టర్ ఆర్‌సీకి 15 ఏళ్లు గడువు, ఆ తర్వాత రెన్యూవల్ చేయించాలి. మన బండ్లు ఎక్కువగా రాష్ట్రం దాటి తెలంగాణకే పోతాయి కాబట్టి ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. ఎప్పుడో తీర్చేసిన లోన్ ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరుతో కనిపిస్తే, బ్యాంకు లెటర్ తెచ్చి తీయించాలి. ఇవి లేకపోతే మిగిలేది పాత ఇనుము కొనేవాడు ఒక్కడే. అతను కిలోల్లో తూకం వేస్తాడు.

బండి ఇప్పటికే పెయింటర్ దగ్గర ఉందా? ఈ సాయంత్రమే వెళ్లి ఇంజిన్ నంబర్‌కూ ఛాసిస్ నంబర్‌కూ పెన్సిల్ ముద్ర తీసుకోండి. ఊడదీసిన రేకు, పాత లైట్లు, టూల్ బాక్స్ ఒక సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి.