స్మృతి వారిది, సరిహద్దు వీరిది

ఆర్మేనియా ప్రభుత్వం 2025 సెప్టెంబరులో చూడ్డానికి చాలా చిన్న నిర్ణయం ఒకటి తీసుకుంది. దేశంలోకి వచ్చిపోయేవారి పాస్‌పోర్టులపై కొట్టే ముద్రలో అరారత్ పర్వతం బొమ్మ ఇక ఉండదన్నది ఆ నిర్ణయం. నవంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. రాజధాని ఎరెవాన్‌లో మేడ ఎక్కితే ఎదురుగా కనిపించే అరారత్ శిఖరాలు నిజానికి ఆర్మేనియాలో లేవు, టర్కీలో ఉన్నాయి. ఉన్న ఆర్మేనియాను చూసుకుందాం, పోయిన ఆర్మేనియాను తలచుకుంటూ కూర్చోవద్దన్నది ప్రధాని నికోల్ పషిన్యాన్ కొంతకాలంగా వినిపిస్తున్న వాదన. లాస్ ఏంజెలెస్‌లో, పారిస్‌లో, బీరుట్‌లో స్థిరపడిన ఆర్మేనియన్ల సంఘాలకు ఇది కడుపుమంట తెప్పించింది.

ముద్ర మీద బొమ్మ కోసం ఇంత రాద్ధాంతమా అని బయటివారికి అనిపించవచ్చు. కానీ ఆర్మేనియాకూ దాని ప్రవాసులకూ మధ్య ముప్పై ఏళ్లుగా నలుగుతున్న తగవంతా ఆ బొమ్మలోనే ఉంది.

ఆర్మేనియా జనాభా దాదాపు 30 లక్షలు. దేశం బయట ఉన్న ఆర్మేనియన్లు అంతకు రెండింతలకు పైనే ఉంటారని అంచనా. వారందరినీ ఒకే గాటన కట్టలేం. రష్యాలో ఉన్నవారిలో చాలామంది సోవియట్ యూనియన్ కూలిపోయాక పొట్ట చేతపట్టుకుని వెళ్లినవారు. అమెరికా, ఫ్రాన్స్, లెబనాన్, అర్జెంటీనాల్లో పాతుకుపోయిన కుటుంబాల కథ వేరు. వారి తాతముత్తాతల ఊళ్లు వాన్, ఖర్‌పెర్ట్, మరాష్. అవన్నీ నేటి టర్కీలో ఉన్నాయి. 1915లో ఒట్టోమన్ పాలకులు మొదలుపెట్టిన నరమేధంలో పది లక్షలకు పైగా ఆర్మేనియన్లు చనిపోగా, సిరియా ఎడారి దారుల్లో ప్రాణాలతో మిగిలినవారి సంతానం వీరు. టర్కీ ఇప్పటికీ దాన్ని జాతిహననంగా ఒప్పుకోదు. ఎరెవాన్ వీరి సొంతూరు కాదు, ఎన్నడూ కాలేదు.

ఈ తేడాను పట్టించుకోకపోతే చిక్కు విడదు. 1915కు న్యాయం అడగడం ఆ బాధితుల వారసుల హక్కు. వారు ఏ దేశంలో ఉన్నా ఆ హక్కు వారిదే. ఎరెవాన్ ప్రభుత్వం దాన్ని పొరుగు దేశాలతో బేరంలో పెట్టే వీల్లేదు. సరిహద్దు ఎక్కడ గీయాలి, ఏ షరతులకు సంధి చేసుకోవాలి అన్నది మాత్రం ఆ సరిహద్దు పక్కన బతుకుతూ, కొడుకులను సైన్యానికి పంపుతున్నవారు తేల్చుకోవాలి. ప్రభుత్వమూ, ప్రవాస సంఘాలూ ఎదుటివారి హక్కును తమదనుకోవడం వల్లే ఇద్దరికీ చెడిందని మా అభిప్రాయం.

ఈ సంఘాల్లో తొలివి పుట్టేనాటికి ఆర్మేనియన్లకంటూ ఒక దేశం లేదు. ఆర్మేనియన్ జనరల్ బెనెవలెంట్ యూనియన్‌ను 1906లో కైరోలో బోఘోస్ నుబార్ పాషా స్థాపించారు. 1910లో న్యూయార్క్‌లో సహాయ సంఘం, 1918లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఆటలకూ స్కౌట్లకూ హోమెనెత్‌మెన్, 1928లో మళ్లీ కైరోలోనే సాంస్కృతిక సంస్థ హమజ్‌కయిన్ వచ్చాయి. తలదాచుకున్న చోటల్లా ముందు చర్చి, పక్కనే బడి, ఆపైన ఒక క్లబ్బు, ఒక పత్రిక. బీరుట్ శివారులో శరణార్థులు కట్టుకున్న బుర్జ్ హమ్మూద్ పేటలకు కొత్త మరాష్, కొత్త సిస్, కొత్త అదానా అని పోగొట్టుకున్న ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు. సర్కారు చేయాల్సిన పనులన్నీ సంఘాలే చేశాయి. అనాథలను పెంచాయి, పెళ్లిళ్లు కుదిర్చాయి, అక్షరాలు దిద్దించాయి.

సర్కారుకుండే జబ్బులూ వాటికి అంటుకున్నాయి. 1933 డిసెంబరు 24, ఆదివారం. న్యూయార్క్ వాషింగ్టన్ హైట్స్‌లోని ఆర్మేనియన్ చర్చిలో ప్రార్థనకు ఊరేగింపుగా వస్తున్న ఆర్చిబిషప్ లెవొన్ తూరియన్‌ను భక్తులందరూ చూస్తుండగానే కసాయి కత్తితో పొడిచి చంపారు. ఆయన చేసిన తప్పల్లా, అంతకు ఐదారు నెలల ముందు షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆర్మేనియన్ల సభకు వెళ్లి, వేదిక మీదున్న మూడు రంగుల జెండాను తీసేస్తే తప్ప మాట్లాడనని పట్టుబట్టడం. 1918 నుంచి 1920 దాకా బతికిన స్వతంత్ర ఆర్మేనియా జెండా అది. తూరియన్ పైనున్న మతపీఠం ఎచ్మియాద్జిన్ సోవియట్ పాలనలోని ఆర్మేనియాలో ఉంది. ఆ జెండా కింద నిలబడితే అక్కడ ముప్పని ఆయన భయం. జెండాను అవమానించాడని ఆర్మేనియన్ల జాతీయవాద పార్టీ అయిన దష్నాక్ వారి కోపం. ఆ హత్య కేసులో ఆ పార్టీకి చెందిన తొమ్మిది మందికి శిక్ష పడింది. అమెరికాలోని ఆర్మేనియన్ చర్చి నిలువునా రెండుగా చీలింది. ఒకటి ఎచ్మియాద్జిన్‌కు, మరొకటి 1957 నుంచి లెబనాన్‌లోని అంతెలియాస్ పీఠానికి లోబడి నేటికీ వేర్వేరుగానే నడుస్తున్నాయి. నమ్మకంలో తేడా లేదు, ప్రార్థనలో తేడా లేదు. అయినా ఒక ఊళ్లో రెండు చర్చిలు, రెండు బడులు, రెండు వార్షికోత్సవాలు. అమెరికాలో మన తెలుగు సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగైన తీరు ఎరిగిన పాఠకులకు ఇందులో వింతేమీ కనిపించదు. మనకు కత్తుల దాకా రాలేదు, అంతే.

రాజకీయ పలుకుబడి కోసం ఆర్మేనియన్ సంఘాలు చేసిన కృషి వేరే అధ్యాయం. నరమేధానికి యాభై ఏళ్లు నిండిన 1965లో ఉరుగ్వే పార్లమెంటు తొలిసారి దాన్ని గుర్తిస్తూ చట్టం చేసింది. ఫ్రాన్స్ 2001లో, జర్మనీ పార్లమెంటు 2016లో ఆ పని చేశాయి. ఈ దారిలో చీకటి మలుపులూ ఉన్నాయి. డెబ్బయ్యో దశకంలో, ఎనభయ్యో దశకం తొలి ఏళ్లలో కొన్ని సాయుధ ముఠాలు టర్కీ దౌత్యవేత్తలను వెంటాడి చంపాయి. 1983లో పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో పేల్చిన బాంబుకు ఎనిమిది మంది బలయ్యారు. అప్పట్లో దాన్ని గట్టిగా ఖండించడానికి కొన్ని సంఘాలకు నోరు రాలేదు. ఆ మచ్చ వారు మోయాల్సిందే.

వాషింగ్టన్‌లో ఆర్మేనియన్ లాబీకి పెద్ద పేరుంది. దాని బలమెంతో, పరిమితి ఎక్కడో తెలియాలంటే రెండు సంగతులు చాలు. మొదటిది నరమేధ తీర్మానం. ప్రతినిధుల సభ విదేశాంగ సంఘంలో 2007లో 27-21 ఓట్లతో, 2010లో 23-22 ఓట్లతో గెలిచినా సభ దాకా రానివ్వలేదు. నాటో మిత్రదేశం టర్కీ అలుగుతుందని శ్వేతసౌధం ప్రతిసారీ అడ్డుపడింది. చివరికి 2019 అక్టోబరు 29న అదే సభ 405-11తో ఆమోదించింది. డిసెంబరులో సెనేట్ ఏకగ్రీవంగా తలూపింది. 2021 ఏప్రిల్ 24న అధ్యక్షుడు బైడెన్ జాతిహననం అన్న మాట వాడారు. దశాబ్దాల పట్టుదల ఫలించిన మాట నిజమే. కానీ సిరియాలోకి సైన్యం పంపిన టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ మీద అమెరికా నేతలంతా మండిపడుతున్న వారాల్లోనే ఆ ఓటింగ్ జరిగిందన్నది కూడా నిజం. రెండోది 1992 నాటి చట్టంలోని 907 సెక్షన్. అజర్‌బైజాన్‌కు అమెరికా ప్రభుత్వం నేరుగా సాయం చేయకుండా సంఘాలు సాధించుకున్న నిషేధమది. 2002 నుంచి రెండు దశాబ్దాల పాటు అధ్యక్షులు దాన్ని ఏటా సడలిస్తూ వచ్చారు. తాళం వేయించింది లాబీ, చెవి ఉన్నది శ్వేతసౌధం దగ్గర.

ఈ పలుకుబడికి అసలు పరీక్ష, అజర్‌బైజాన్ లోపల ఆర్మేనియన్లు తమను తామే ఏలుకుంటూ వచ్చిన కరాబాఖ్‌లో ఎదురైంది. 2022 డిసెంబరు నుంచి కరాబాఖ్‌ను ఆర్మేనియాతో కలిపే లాచిన్ దారిని అజర్‌బైజాన్ మూసేసి తొమ్మిది నెలలు దిగ్బంధం చేసింది. 2023 సెప్టెంబరు 19న దాడికి దిగింది. వారం పది రోజుల్లో లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కట్టుబట్టలతో ఇళ్లు వదిలి వచ్చారు. లాస్ ఏంజెలెస్‌లో ర్యాలీలు జరిగాయి, అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగాలు జరిగాయి. ఒక్క ట్యాంకు ఆగలేదు. 1992 నుంచి హయస్తాన్ అఖిల ఆర్మేనియన్ నిధికి ప్రవాసులు పంపిన డబ్బుతో కరాబాఖ్‌లో వేసిన రోడ్లు, కట్టిన బడులు, నీటి పైపులు ఇప్పుడు అజర్‌బైజాన్ చేతిలో ఉన్నాయి.

ఇందులో సంఘాల బాధ్యత ఎంత? 1997లో నాటి అధ్యక్షుడు లెవోన్ తేర్-పెత్రోస్యాన్ కరాబాఖ్‌పై అజర్‌బైజాన్‌తో దశలవారీ రాజీకి సిద్ధపడ్డారు. తొలి కరాబాఖ్ యుద్ధంలో గెలిచిన జిల్లాలు కొన్ని ఇచ్చి శాంతి కొనుక్కుందాం, కాలం మన పక్షాన లేదని ఆయన లెక్క. సొంత మంత్రులే ఎదురుతిరిగి 1998 ఫిబ్రవరిలో ఆయనతో రాజీనామా చేయించారు. దూరదేశాల సంఘాలు, ముఖ్యంగా దష్నాక్‌లు, ఆయన మీద ద్రోహి ముద్ర వేయడంలో వెనుకబడలేదు. ఆ పార్టీని 1994లో ఆయన నిషేధించిన కక్ష కూడా ఉందనుకోండి. 2023లో మిగిలినదానితో పోల్చి చూస్తే నాటి ప్రతిపాదన వరమే. గట్టున నిలబడి లోతుకు పొమ్మనడం తేలిక. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కందకంలోకి వెళ్లేది అమెరికాలోని గ్లెండేల్ నుంచి కాదు, ఆర్మేనియాలోని గ్యుమ్రీ నుంచి, గోరిస్ నుంచి.

అలాగని ఎరెవాన్ నడవడిని మెచ్చుకోలేం. 1988 భూకంపంలో కనీసం పాతిక వేల మంది చనిపోయినప్పుడు మందులు, దుప్పట్లు, డాక్టర్లను పంపింది ఈ ప్రవాసులే. 2020 కరాబాఖ్ యుద్ధంలో వారాల వ్యవధిలో వారిచ్చిన విరాళాల్లో పది కోట్ల డాలర్లకు పైగా హయస్తాన్ నిధి నుంచి నేరుగా ప్రభుత్వ ఖజానాకు చేరాయి. ఆ డబ్బు దేనికెంత ఖర్చయిందని దాతలు అడిగితే సూటిగా జవాబు రాలేదు. 2022 జులైలో ఫ్రాన్స్‌లోని ఆర్మేనియన్ సంఘాల సమన్వయ మండలి సహాధ్యక్షుడు ఎరెవాన్‌లో దిగితే విమానాశ్రయం నుంచే వెనక్కి పంపేశారు. పారిస్‌లో పషిన్యాన్‌కు వ్యతిరేకంగా నిరసన జరిపించారన్నది ఆయన మీదున్న ఆరోపణ. విరాళం కావాలి గానీ విమర్శ వద్దంటే ఎలా? 2025 జనవరిలో జ్యూరిక్‌లో ప్రవాసులతో మాట్లాడుతూ పషిన్యాన్, నరమేధ చరిత్రను మళ్లీ తరచి చూడాలని, ఆ గుర్తింపు ఎజెండా ఎందుకు, ఎప్పుడు పుట్టిందో ఆలోచించాలని అన్నారు. టర్కీతో సరిహద్దు తెరిపించుకోవాలన్న ఆయన తపన అర్థమవుతుంది. 1993 నుంచి మూతపడిన సరిహద్దు ఆ చిన్న దేశానికి ఊపిరాడనివ్వడం లేదు. ఆ పని మీద ఎవరితో కావాలంటే వారితో చర్చించుకోవచ్చు. ఖర్‌పెర్ట్ అనాథల మనవల ముందు నిలబడి వారి తాతల చావును ప్రశ్నగా మార్చే అధికారం ఆయనకు ఏ ఓటరూ ఇవ్వలేదు.

తీర్మానాల వెంట పరుగులు తీస్తూ సంఘాలు ఇంట్లో దీపం సంగతి మరిచాయన్నది మా అసలు ఫిర్యాదు. ఆ నరమేధ బాధితుల భాష పశ్చిమ ఆర్మేనియన్‌ను 2010లో యునెస్కో అంతరించే ప్రమాదమున్న భాషల పట్టికలో చేర్చింది. ఆర్మేనియా దేశపు అధికార భాష తూర్పు ఆర్మేనియన్ కాబట్టి, పశ్చిమ యాసకు అండగా నిలిచే రాజ్యం ఎక్కడా లేదు. దానికి దిక్కు ఈ సంఘాల బడులే. ఆ బడులేమో ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సైప్రస్ రాజధాని నికోసియాలో 1926లో అనాథల కోసం తెరిచిన మెల్కోనియన్ విద్యాసంస్థ ఉండేది. తొలినాటి పిల్లలు చంపబడిన తమవారి గుర్తుగా దాని ముందు నాటిన మొక్కలు పెద్ద తోపు అయ్యాయి. మధ్యప్రాచ్యం నలుమూలల నుంచీ ఉపాధ్యాయులను, సంపాదకులను తయారుచేసిన బడి అది. పూర్వ విద్యార్థులు మొత్తుకుంటున్నా వినకుండా 2005లో బెనెవలెంట్ యూనియన్ దాన్ని మూసేసింది. టర్కీ చేసింది కాదు, అజర్‌బైజాన్ చేసింది కాదు, సొంత సంస్థే చేసింది.

వెనిస్‌లో 1836లో మొదలై 1997లో ఆగిపోయిన మూరత్-రఫాయెల్ కళాశాల సంగతి మనకు ఇంకొంచెం దగ్గరిది. దానికి సొమ్ము వెళ్లింది చెన్నపట్నం నుంచి. శామ్యూల్ మూరత్, ఎడ్వర్డ్ రఫాయెల్ అక్కడి ఆర్మేనియన్ వర్తకులు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో మచిలీపట్నం రేవులోనూ, గోల్కొండ వ్యాపారంలోనూ ఆర్మేనియన్లకు చోటుంది. హైదరాబాద్ ఉప్పుగూడలోని వారి సమాధులు నేటికీ సాక్ష్యం. ప్రపంచంలోనే తొలి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో అచ్చయింది కూడా మద్రాసులోనే. హరూత్యున్ ష్మవోన్యాన్ అనే మతగురువు దాన్ని నడిపారు. ఏ పార్లమెంటూ తీర్మానం చేయని రోజుల్లో, జెండా లేని రోజుల్లో, పిడికెడు మంది వర్తకులు ప్రెస్సు పెట్టారు, ఖండాల అవతల బడికి డబ్బు కట్టారు. కోల్‌కతాలో 1821లో వారు స్థాపించిన కళాశాల ఇరాన్, ఆర్మేనియాల నుంచి పిల్లలను తెచ్చుకుని ఇప్పటికీ నడుస్తోంది.

2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో ట్రంప్ సమక్షంలో పషిన్యాన్, అజర్‌బైజాన్ అధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్ ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. అందులో అజర్‌బైజాన్ రాజధాని బాకూ జైళ్లలో ఉన్న కరాబాఖ్ మాజీ నేతల ఊసు లేదు, నిర్వాసితులు ఇళ్లకు తిరిగి వెళ్లే హక్కు ప్రస్తావన లేదు. ఈ రెండింటి మీద సంఘాలు అమెరికాను నిలదీయడం సబబే. ఆ ఖైదీల కోసం ఒత్తిడి తేగల చోట్లు వాషింగ్టన్, పారిస్, బ్రసెల్స్. ఆ తలుపులు తట్టే చేవ ఎరెవాన్ కన్నా వీరికే ఎక్కువ. సంధి ఒద్దని, ప్రధానిని దించేయాలని దూరం నుంచి ఉద్యమాలు నడపడం మాత్రం మానుకోవాలి. విదేశాల్లో ఉన్నవారికి అక్కడి నుంచే ఓటేసే వీలు ఆర్మేనియా చట్టంలో లేదు. అది న్యాయమే. అంత పట్టింపు ఉన్నవారికి 2007 నుంచి ద్వంద్వ పౌరసత్వం అందుబాటులో ఉంది. వెళ్లి, ఉండి, ఓటేయవచ్చు.

లక్ష మందికి పైబడిన కరాబాఖ్ నిర్వాసితుల్లో ఎన్నో కుటుంబాలు అద్దె కొంపల్లో కాలం వెళ్లదీస్తున్నాయి. హయస్తాన్ నిధి ఏటా థ్యాంక్స్‌గివింగ్ రోజున లాస్ ఏంజెలెస్ నుంచి టీవీలో విరాళాల కార్యక్రమం చేస్తుంది. తెర మీదికి వచ్చి మళ్లీ చేయి చాపే ముందు, 2020 నాటి డబ్బుకు పైసాతో సహా లెక్క అప్పజెప్పమని ఆ నిధి ట్రస్టీలు ప్రభుత్వానికి లేఖ రాయాలి, ఆ జవాబును దాతల ముందు పెట్టాలి. ఈసారి వచ్చే సొమ్ములో కొంత నిర్వాసితుల ఇళ్లకు, కొంత బుర్జ్ హమ్మూద్‌లో జీతాల్లేక బడి మానేస్తున్న పంతుళ్లకు అని ముందే ప్రకటించాలి.